టవరు దరఖాస్తుకు గడువు, పోడు దరఖాస్తుకు అటక

అమెరికా కాంగ్రెస్ ముందుకు వచ్చిన ఒక చిన్న బిల్లు మన దగ్గర ఎక్కడా చర్చకు రాలేదు. వచ్చేంత పెద్దదీ కాదది. ‘ఫెడరల్ బ్రాడ్‌బ్యాండ్ డిప్లాయ్‌మెంట్ ట్రాకింగ్ యాక్ట్’ అని దాని పేరు. ప్రభుత్వ భూముల మీదుగా ఇంటర్నెట్ కేబుల్ వేసుకోవడానికి, టవరు నిలుపుకోవడానికి కంపెనీలు పెట్టుకునే దరఖాస్తులు ఏ రోజు అందాయి, ఏ దశలో ఉన్నాయి, చివరికి ఏమయ్యాయి అన్న జాడ పట్టే పద్ధతిని రూపొందించమని అక్కడి టెలికాం వ్యవహారాల సంస్థను ఆదేశించడమే దాని సారాంశం. ఇటువంటి దరఖాస్తులను 270 రోజుల్లో తేల్చాలని 2018లోనే అక్కడ చట్టం గడువు పెట్టింది. ఆ గడువు అమలవుతున్నదా అని మన కాగ్ వంటి అక్కడి తనిఖీ సంస్థ పరిశీలించి 2024లో నివేదిక ఇచ్చింది. భూనిర్వహణ శాఖ దగ్గర, అటవీ సర్వీసు దగ్గర ఆ సంగతి తేల్చి చెప్పగల పూర్తి వివరాలే లేవని అందులో బయటపడింది. గడువు ఉన్నది, గడువు దాటిందో లేదో చెప్పే దస్త్రం లేదు. ఆ లోటును పూడ్చడానికే ఇటువంటి బిల్లు.

కులం, భూమి, అధికారం గురించి మాట్లాడుకునే ఈ పేజీలో దాని ప్రసక్తి ఎందుకని పాఠకులకు అనిపించవచ్చు. ‘ప్రభుత్వ భూమి’ అనే మాట కోసమే ఎత్తుకున్నాను. అమెరికా పడమటి రాష్ట్రాల్లో ఆ మాట కింద ఉన్న నేలలో అధిక భాగం మూలవాసీ జాతుల నుంచి యుద్ధాలతోనూ, చేసి తప్పిన ఒప్పందాలతోనూ లాక్కున్నదే. ఆ నేల మీద ఇప్పటికీ వారి సమాధులు, పవిత్ర స్థలాలు ఉన్నాయి. అందుకే టవరు కట్టేముందు వారిని సంప్రదించాలన్న నియమం అక్కడి చట్టంలో ఉన్నది. 2018లో ఆ దేశపు కమ్యూనికేషన్ల కమిషన్ చిన్న సెల్ టవర్లకు ఆ సంప్రదింపుల నుంచి మినహాయింపు ఇచ్చింది. ఖర్చు, కాలయాపన అన్నవి చూపిన కారణాలు. చెరోకీల యునైటెడ్ కిటూవా బ్యాండ్ తదితరులు కోర్టుకెక్కితే 2019లో వాషింగ్టన్ అప్పీళ్ళ కోర్టు ఆ మినహాయింపును కొట్టివేసింది. తగిన సమర్థన చూపలేదన్నది. ఇక్కడ గమనించవలసిన సంగతి ఒకటున్నది. ఆలస్యం ఎవరి బల్ల మీద జరుగుతున్నదో చెప్పే దస్త్రం లేనిచోట, నింద ఎప్పుడూ బలహీనుని వాకిట్లోకే వచ్చి పడుతుంది. ఫైలు అధికారి దగ్గర పడి ఉన్నా ‘మూలవాసులు అడ్డుపడుతున్నారు’ అనే మాటే బయట వినిపిస్తుంది.

మన దేశంలో ఈ వ్యవహారం మరింత ముందుకు పోయింది. జాడ పట్టడంతో ఆగలేదు, మౌనానికి కూడా అర్థం నిర్ణయించింది. 2016 నాటి టెలిగ్రాఫ్ మార్గహక్కు నిబంధనలు, కేబుల్ వేసుకోవడానికో టవరు కట్టుకోవడానికో వచ్చిన దరఖాస్తును 60 రోజుల్లో తేల్చాలన్నాయి. తేల్చకపోతే అనుమతి ఇచ్చినట్టే లెక్క. 2022 మే 14న కేంద్రం ‘గతిశక్తి సంచార్’ పోర్టల్‌ను ప్రారంభించింది. ఏ కంపెనీ ఏ రాష్ట్రంలో దరఖాస్తు పెట్టినా అక్కడ దానికొక సంఖ్య, ఒక తేదీ, ఒక స్థితి ఉంటాయి. 2023 టెలికమ్యూనికేషన్ల చట్టం ఈ మార్గహక్కుకు మరింత గట్టి పునాది వేసింది. దాని కింద చేసిన నిబంధనలు 2025 జనవరి 1 నుంచి అమలులోకి వచ్చాయి. వాటి ప్రకారం 67 రోజుల్లో ప్రభుత్వ సంస్థ అవుననో కాదనో చెప్పాలి. చెప్పకపోతే 68వ రోజున అనుమతి దానంతటదే వచ్చినట్టు. ప్రభుత్వ సంస్థ అంటే కేంద్ర, రాష్ట్ర ప్రభుత్వాలే కాదు, స్థానిక సంస్థలు కూడా. మౌనం అర్ధాంగీకారం అంటారు మనవాళ్ళు. ఈ నిబంధన మౌనాన్ని పూర్ణాంగీకారం చేసింది.

దీనిని నేను తప్పు పట్టడం లేదు. ఏ పౌరుడు, ఏ సంస్థ దరఖాస్తు పెట్టినా అది ఏ రోజు అందిందో, ఎవరి దగ్గర ఆగిందో చెప్పవలసిన బాధ్యత రాజ్యానిదే. ఆ బాధ్యతను చట్టంగా రాయడం మంచి పని. నా అభ్యంతరం వేరు. ఈ రాజ్యం ఎవరి దరఖాస్తుకు తేదీ వేస్తున్నది, ఎవరి దరఖాస్తుకు వేయడం లేదు? ఎవరి విషయంలో దాని మౌనం అనుమతి అవుతున్నది, ఎవరి విషయంలో తిరస్కారం అవుతున్నది?

సమాచార హక్కు చట్టాన్నే తీసుకోండి. పౌరునికి 30 రోజుల్లో సమాధానం ఇవ్వాలన్నది నియమం. ఇవ్వకపోతే? సెక్షన్ 7లోని రెండో ఉపవిభాగం చదవండి: సమాచారం నిరాకరించినట్టు భావించాలి. అప్పీలుకు పోయే వీలు కల్పించడానికే అలా రాశారన్నది నిజమే. కానీ రెండు చట్టాలను పక్కపక్కన పెట్టుకుని చూడండి. ఒకే అధికారి, ఒకే బల్ల. కంపెనీ కాగితం మీద ఆయన నిద్రపోతే కంపెనీ గెలుస్తుంది. పౌరుని కాగితం మీద నిద్రపోతే పౌరుడు ఓడిపోయి మరో మెట్టు ఎక్కవలసి వస్తుంది.

ఇక అటవీ హక్కుల చట్టానికి వద్దాం. 2006లో పార్లమెంటు ఆమోదించిన ఈ చట్టం తన ముందుమాటలోనే, అడవిని నమ్ముకున్న జాతులకు జరిగింది ‘చారిత్రక అన్యాయం’ అని ఒప్పుకున్నది. మన శాసనాల్లో ఇటువంటి ఒప్పుకోలు అరుదు. దాని ప్రకారం దరఖాస్తు ముందు గ్రామసభకు, అక్కడి నుంచి సబ్ డివిజన్ స్థాయి కమిటీకి, చివరికి జిల్లా స్థాయి కమిటీకి పోవాలి. ఈ ప్రయాణంలో గడువులు లేకపోలేదు. గ్రామసభ తీర్మానం మీద అభ్యంతరం ఉంటే పై కమిటీకి 60 రోజుల్లో అర్జీ పెట్టుకోవాలి. ఆ కమిటీ నిర్ణయం మీద అభ్యంతరం ఉంటే జిల్లా కమిటీకి మళ్ళీ 60 రోజుల్లోనే. అంటే గడియారం ఆదివాసీ చేతికి కట్టారు. జిల్లా కమిటీ ఇన్ని రోజుల్లో తేల్చకపోతే హక్కు లభించినట్టే అన్న వాక్యం మాత్రం ఆ చట్టంలో ఎంత వెతికినా కనబడదు. 60 అనే అంకె రెండు చోట్లా ఉన్నది. టెలికాం నిబంధనల్లో అది అధికారిని కట్టేస్తే, అటవీ హక్కుల చట్టంలో అర్జీదారును కట్టేసింది.

కేంద్ర గిరిజన వ్యవహారాల శాఖ ఈ చట్టం అమలు మీద నెలవారీ నివేదికలు ప్రకటిస్తుంది. వాటిని చూస్తే దేశవ్యాప్తంగా వచ్చిన దరఖాస్తులు 50 లక్షలు దాటాయి. పట్టాలు దక్కినవి దాదాపు సగం. తిరస్కరించినవి 18 లక్షల మేర. మిగిలినవి పెండింగు. రాష్ట్రాల వారీగా అంకెలన్నీ ఉంటాయి. కానీ పెండింగులో ఉన్న దరఖాస్తు ఎన్నేళ్ళుగా పెండింగులో ఉన్నదో, ఏ కమిటీ దగ్గర ఆగిందో ఆ పట్టికలో ఉండదు. లెక్క ఉన్నది, తేదీ లేదు. తేదీ లేని లెక్క ఏ అధికారినీ బాధ్యునిగా నిలబెట్టదు.

దీని పర్యవసానం ఎంత భయంకరంగా ఉంటుందో 2019 ఫిబ్రవరిలో చూశాం. దరఖాస్తులు తిరస్కరణకు గురైన కుటుంబాలను అడవి నుంచి ఖాళీ చేయించాలని ఆ నెల 13న సుప్రీంకోర్టు ఆదేశించింది. పది లక్షలకు పైగా కుటుంబాల మెడ మీద కత్తి వేలాడింది. దేశమంతటా ఆందోళనలు రేగాక, కేంద్రం కోర్టును ఆశ్రయించాక, 28న ఆ ఉత్తర్వును నిలిపివేస్తూ కోర్టు రాష్ట్రాలను వివరాలు అడిగింది: ఏ పద్ధతిలో తిరస్కరించారు, అర్జీదారుకు తన వాదన చెప్పుకునే అవకాశం ఇచ్చారా, కారణాలు రాసి ఇచ్చారా? చట్టం వచ్చిన 12 ఏళ్ళ తర్వాత సర్వోన్నత న్యాయస్థానం ఈ ప్రశ్నలు అడగవలసి వచ్చిందంటే, అప్పటిదాకా దస్త్రాల స్థితి ఏమిటో ఊహించుకోవచ్చు. తొలిరోజు నుంచీ ప్రతి దరఖాస్తుకూ టవరు దరఖాస్తు మాదిరిగా సంఖ్య, తేదీ, స్థితి ఉండి ఉంటే ఆ పదిహేను రోజుల భయం ఆదివాసీ గూడేలకు ఉండేది కాదు.

కిందటేడు ఒక ఏజెన్సీ మండలానికి చెందిన కొందరు పోడు రైతుల వెంట ఒక కార్యాలయానికి వెళ్ళాను. అందులో ఒక కోయ ముసలమ్మ పాలిథిన్ కవరులో మడిచి పెట్టుకున్న దరఖాస్తు జిరాక్సు తీసి చూపించింది. మొదటి విడతలో, అంటే ఉమ్మడి రాష్ట్రం నాడు పెట్టినది. గుమాస్తా దానిని అటూ ఇటూ తిప్పి చూసి, ‘పైకి పంపినమమ్మా’ అన్నాడు. ‘ఎప్పుడు పంపిన్రు సారూ?’ అని ఆమె అడిగింది. ఆయన దురుసు మనిషేమీ కాదు. రిజిస్టరు తీసి నిజంగానే వెతికాడు. ఆ పేరు దొరకలేదు. ‘మళ్ళొకటి పెట్టుకో, కొత్తగ తీసుకుంటున్నరు’ అని సలహా ఇచ్చాడు. కొత్త దరఖాస్తు అంటే కొత్త తేదీ. పాత ఎదురుచూపంతా లెక్కలో లేకుండా పోతుంది. అదే ఊరి గుట్ట మీద కొత్తగా లేచిన టవరుకు కాగితాలు ఎన్నాళ్ళలో వచ్చాయని అడిగితే చిటికెలో చెప్పగలిగారు.

తెలంగాణలో 2023 జూన్ 30 నుంచి పోడు పట్టాల పంపిణీ జరిగింది. లక్షన్నర కుటుంబాలకు నాలుగు లక్షల ఎకరాలకు పైగా ఇస్తున్నట్టు అప్పటి ప్రభుత్వం ప్రకటించింది. దక్కినవారికి అది పెద్ద ఊరట, కాదనను. కానీ పట్టా ఒక ఎన్నికల ఏడాదిలో, ఒక సభలో, ఒక నాయకుని చేతుల మీదుగా వచ్చింది. కంపెనీకి అనుమతి అలా రాదు. ఏ నాయకుని దయా లేకుండా, ఏ సభా లేకుండా, 68వ రోజున తెల్లవారేసరికి వచ్చేస్తుంది. హక్కుకూ దయకూ తేడా అదే. ఒకదానికి తేదీ చట్టంలో ఉంటుంది, మరొకదానికి తేదీ ఎన్నికల సంఘం ఇస్తుంది.

ఇప్పుడు ఈ రెండు దరఖాస్తులూ ఒకే నేల మీద కలుసుకునే చోటికి వెళ్దాం. అడవిలో కేబుల్ వేయాలంటే ఏం చేయాలో అటవీ హక్కుల చట్టమే చెప్పింది. సెక్షన్ 3లోని రెండో ఉపవిభాగంలో 13 రకాల సదుపాయాల జాబితా ఉన్నది. బడి, ఆసుపత్రి, అంగన్‌వాడీ, రేషన్ దుకాణం, తాగునీటి గొట్టం, రోడ్డు. వాటి సరసన విద్యుత్తు, టెలికమ్యూనికేషన్ తీగలు. ఒక్కో పనికి హెక్టారు లోపు నేల, హెక్టారుకు 75కు మించని చెట్లు, గ్రామసభ సిఫారసు. ఈ మూడు షరతులకు లోబడితే అటవీ సంరక్షణ చట్టం కింద సుదీర్ఘ అనుమతుల అవసరమే లేదు. ఇంతకన్నా సులువైన దారి ఏ కంపెనీకి కావాలి? ఆదివాసీలు సిగ్నల్‌కు అడ్డుపడుతున్నారనేవారు ఈ సెక్షన్ చదివినట్టు లేరు. ఊరికి కావలసిన తీగను ఊరే పిలిచి వేయించుకునే ఏర్పాటు అది.

అయినా ఆ చిన్న తలుపు దగ్గర ఊరిని నిలబెట్టి అడగడం కూడా పాలకులకు భారమనిపించింది. కేంద్ర పర్యావరణ, అటవీ శాఖ 2013 ఫిబ్రవరి 5న ఒక సర్క్యులర్ ఇచ్చింది. రోడ్లు, కాలువలు, గొట్టపు మార్గాలు, ఆప్టికల్ ఫైబర్, విద్యుత్ లైన్ల వంటి అనేక ఊళ్ళ గుండా సాగే పనులకు గ్రామసభల సమ్మతి తేవలసిన అవసరం లేదని అందులో మినహాయించింది. అతి బలహీన ఆదిమ జాతుల హక్కులకు భంగం కలిగే చోట మాత్రం ఆ మినహాయింపు వర్తించదన్నది. పార్లమెంటు చేసిన చట్టం స్ఫూర్తిని ఒక శాఖ ఉత్తరంతో సగం చేయడం ఎలా సాధ్యమైందో న్యాయశాస్త్ర విద్యార్థులు ఆలోచించాలి. అదే ఏడాది ఏప్రిల్‌లో నియమగిరి కేసులో సుప్రీంకోర్టు గ్రామసభదే నిర్ణయమన్నది. డోంగ్రియా కోంధుల 12 గ్రామసభలూ బాక్సైట్ గనిని తిరస్కరించాయి. గ్రామసభకు నోరున్నదని తెలిసిన ఏడాదే కేబుల్ వ్యవహారంలో దాని నోరు మూయించారు. తర్వాత 2022 అటవీ సంరక్షణ నిబంధనలు, హక్కుల పరిష్కారం జరిగిందో లేదో కేంద్రం అనుమతికి ముందే చూడవలసిన పని లేకుండా ఆ బాధ్యతను రాష్ట్రాలకు నెట్టాయి. 2023 సవరణ చట్టం వామపక్ష తీవ్రవాద ప్రభావిత ప్రాంతాల్లో ఐదు హెక్టార్ల దాకా ప్రజోపయోగ పనులను అటవీ సంరక్షణ చట్టం పరిధి నుంచే తప్పించింది. ఆ ప్రాంతాలు ఎవరివో వేరే చెప్పాలా?

‘ప్రభుత్వ భూమి’ అన్న మాట మన దగ్గర కూడా అంత అమాయకమైనది కాదు. షెడ్యూల్డ్ ప్రాంతంలో ఆ మాటకు అర్థం ఏమిటో 1997లో సమతా తీర్పు చెప్పింది. విశాఖ జిల్లా అనంతగిరి కొండల్లో గని లీజుల మీద వచ్చిన కేసు అది. మనం 1/70 అని పిలుచుకునే రెగ్యులేషన్‌లో ‘వ్యక్తి’ అంటే ప్రభుత్వం కూడా అని, అక్కడి ప్రభుత్వ భూమిని సైతం గిరిజనేతరులకు లీజుకు ఇవ్వరాదని సుప్రీంకోర్టు తేల్చింది. ప్రైవేటు టవరు కంపెనీ కూడా గిరిజనేతర వ్యక్తే కదా! 68వ రోజున దానంతటదే పుట్టే అనుమతికీ ఈ తీర్పుకూ పొత్తు ఎలా కుదురుతుందో ప్రభుత్వం చెప్పాలి. మార్గహక్కు లీజు కాదని వాదించవచ్చు. ఆ వాదన కోర్టులో నిలుస్తుందా అన్నది తర్వాతి మాట. అసలు ఆ ప్రశ్న అడిగే గడి ఆ పోర్టల్‌లో ఉండాలి కదా అన్నది నా మాట.

మైదాన ప్రాంతంలో ఇదే సమస్య దళితుల అసైన్డ్ భూములకు ఉన్నది. డి-పట్టా మీద రెండు తరాలుగా సాగు చేసుకుంటున్న మాదిగ కుటుంబం భూమిని, చెరువు శిఖాన్ని, ఊరి బయట గుట్టను ‘ప్రభుత్వానిది’ అనే ఒకే మాట కింద రాసేసే అలవాటు మన రెవెన్యూ దస్త్రాలది. ప్రైవేటు భూమి యజమానితో కంపెనీ మాట్లాడి అద్దె కుదుర్చుకుంటుంది. అసైన్డ్ భూమి దగ్గరికొచ్చేసరికి మాట్లాడవలసింది రైతుతోనా, తహశీల్దారుతోనా అన్న సందేహం వస్తుంది. ఆ సందేహం ఎప్పుడూ రైతుకు అనుకూలంగా తీరదు. అసైన్డ్ భూమిని ప్రజావసరాలకు వెనక్కి తీసుకుంటే ప్రైవేటు భూమికి ఇచ్చినట్టే మార్కెట్ విలువ చెల్లించాలని 2004లో మేకల పాండు కేసులో మన హైకోర్టు చెప్పింది. ఆ తీర్పు కోసం కోర్టు మెట్లు ఎక్కవలసి వచ్చిందన్న సంగతే అప్పటిదాకా ఏం జరిగేదో చెబుతుంది.

దస్త్రానికి కులం ఉన్నది. తెలుగు నేల మీద ఈ మాట రుజువు చేయనక్కరలేదు. తరతరాలుగా భూమి లెక్క కరణం పెట్టెలో ఉండేది. ఎవరు దున్నుతున్నా ఆయన రాసిందే రాత. 1984లో వంశపారంపర్య గ్రామాధికార పదవులను రద్దు చేసినప్పుడు ఆ పెట్టె మూత తెరుచుకున్నదని వెనుకబడిన కులాలు సంతోషించాయి. ముప్పై ఆరేళ్ళ తర్వాత 2020లో తెలంగాణలో ధరణి వచ్చింది. అందులో అనుభవదారు కాలమ్ లేదు. కాలమ్ లేకపోయేసరికి సాగులో ఉన్న పేదవాడు దస్త్రంలో లేకుండా పోయాడు. ఏ కరణమూ కలం పట్టలేదు, ఎవరూ లంచం తీసుకోలేదు. ఒక గడి తీసేశారంతే. 2025లో దాని స్థానంలో భూభారతి వచ్చేదాకా రైతులు ఎన్ని కార్యాలయాల చుట్టూ తిరిగారో తెలిసిందే. పోర్టల్‌లో ఏ గడులు ఉండాలో నిర్ణయించే చోట ఎవరు కూర్చున్నారన్నది అందుకే కులం ప్రశ్న. గతిశక్తి సంచార్‌లో కంపెనీకి గడి ఉన్నది, శాఖలకు గడులున్నాయి. ఆ నేల మీద హక్కు కోరుతూ ముందే దరఖాస్తు పెట్టుకున్న మనిషికి గడి లేదు.

ఇక్కడొక ఆక్షేపణ వస్తుంది, అదీ న్యాయమైనదే: ఏజెన్సీలో సిగ్నల్ లేక పిల్లలు చెట్లెక్కి, గుట్టలెక్కి పాఠాలు విన్న కరోనా కాలాన్ని మరిచిపోయావా అని. మరిచిపోలేదు. ఆ పిల్లల్లో కొందరు ఇప్పుడు విశ్వవిద్యాలయాల్లో ఉన్నారు, ఈ పేజీ చదువుతూ ఉంటారు. సిగ్నల్ లేని ఊరు ఇవాళ దారి లేని ఊరి కన్నా హీనం. రేషన్ బియ్యానికి వేలిముద్ర, పింఛనుకు వేలిముద్ర, ఉపాధి పనికి ఫొటో హాజరు. రాజ్యమే ప్రతి గింజకూ సిగ్నల్‌ను ముడిపెట్టి, ఆ సిగ్నల్‌ను ఆఖరున పంపిస్తున్నది. ఆంధ్రప్రదేశ్ సహా ఐదు రాష్ట్రాల్లోని 44 ఆకాంక్షిత జిల్లాల్లో 7,287 ఊళ్ళకు మొబైల్ సేవలు లేవని 2021లో కేంద్ర మంత్రివర్గమే ఒప్పుకుని పథకం ప్రకటించింది. మరి అన్నేళ్ళూ ఆపింది గ్రామసభలా? లాభం రాని ఊరికి ఏ కంపెనీ దరఖాస్తే పెట్టలేదు. పెట్టని దరఖాస్తుకు ఏ గడువు పెడితే ఏం లాభం?

జాడ పట్టే చట్టాల అసలు బలహీనత ఇదే. అవి కంపెనీ అడిగిన చోటనే చూస్తాయి. ఊరు అడిగిన చోటు వాటికి కనబడదు. భారత్‌నెట్‌ను చూడండి. రెండున్నర లక్షల పంచాయతీలకు ఫైబర్ తీసుకుపోతామని 2011లో మొదలుపెట్టి, గడువు మీద గడువు పొడిగించుకుంటూ, 2023లో 1.39 లక్షల కోట్ల రూపాయలతో సవరించుకున్న పథకమది. కేబుల్ పంచాయతీ కార్యాలయం దాకా వచ్చి ఆగింది. పంచాయతీ కార్యాలయం ఊళ్ళో ఉంటుంది. వాడ ఊరవతల ఉంటుంది. గూడెం వాగు అవతల ఉంటుంది. ఊరికీ వాడకూ మధ్య దూరం ఎంతో ఏ కేబుల్ లెక్కలోనూ రాయరు. ఇంకొక మాట: ఆ కందకం తవ్వింది ఎవరు? దేశమంతటా మట్టి పనికి పోయే పాలమూరు కూలీలు, వాళ్ళ వంటి వలస జనం. పోర్టల్‌లో వారికీ గడి లేదు. అది మరో వ్యాసం.

నేను అడుగుతున్నవి పెద్ద కోరికలు కావు. కంపెనీ దరఖాస్తు ఏ సర్వే నంబరు మీద, ఏ అటవీ కంపార్ట్‌మెంటు మీద పడినా, ఆ నేల మీద పెండింగులో ఉన్న అటవీ హక్కుల దరఖాస్తులు, అసైన్డ్ పట్టాలు అదే తెర మీద కనబడాలి. అవి తేలేదాకా 67 రోజుల లెక్క నడవకూడదు. లేదా రెండింటి లెక్కా కలిసి నడవాలి. షెడ్యూల్డ్ ప్రాంతంలో ‘మౌనమే అనుమతి’ అన్న నియమం వర్తించకూడదు. పెసా చట్టం గ్రామసభను సంప్రదించమన్న చోట సంప్రదించడమంటే మాట్లాడించడం, గడువు ముగిసేదాకా వేచి చూడడం కాదు. గ్రామసభ తీర్మానం ఊరి భాషలో, తేదీతో, సంతకాలతో, వేలిముద్రలతో అందరికీ కనబడేలా పెట్టాలి. వీటన్నిటికన్నా ముఖ్యంగా, జిల్లా స్థాయి కమిటీ ఇన్ని రోజుల్లో కారణాలు రాసి తేల్చకపోతే గ్రామసభ సిఫారసే అంతిమం అన్న వాక్యం అటవీ హక్కుల నిబంధనల్లో చేరాలి. కంపెనీల విషయంలో ఆ వాక్యం రాయడం చేతనైన ప్రభుత్వానికి ఇక్కడ రాయడం చేతకాదని నేననుకోను. ‘అనర్హులు దూరిపోతారు’ అంటారా? అనర్హమైన టవరు దూరిపోతుందన్న భయం లేనివారికి ఈ భయం ఎక్కడిది?

ఉభయ తెలుగు ప్రభుత్వాలూ కేంద్రం కోసం ఎదురుచూడకుండా చేయగలిగినదీ ఉన్నది. పెండింగు దరఖాస్తుల జాబితాను తేదీల వారీగా, కమిటీల వారీగా ప్రకటించడానికి ఏ చట్ట సవరణా అక్కరలేదు. ఐటీడీఏ కార్యాలయం గోడ చాలు.

విద్యార్థి మిత్రులు ఒక పని చేయవచ్చు. మీ జిల్లాలోని జిల్లా స్థాయి కమిటీకి సమాచార హక్కు కింద రెండు ప్రశ్నలు పంపండి. అటవీ హక్కుల దరఖాస్తుల్లో అన్నిటికన్నా పాత పెండింగు దరఖాస్తు ఏ తేదీది? అదే జిల్లాలో టెలికాం మార్గహక్కు దరఖాస్తుల్లో అన్నిటికన్నా పాత పెండింగు దరఖాస్తు ఏ తేదీది? రుసుము పది రూపాయలు. 30 రోజుల్లో జవాబు రాకపోతే చట్టం దాన్ని నిరాకరణ అంటుంది కనుక మొదటి అప్పీలు కాగితం కూడా ఇప్పుడే సిద్ధం చేసి పెట్టుకోండి. రశీదు మీద తేదీ వేయించుకోవడం మాత్రం మరవకండి.